పై వరసలో ఒక మినహాయింపు

గ్రంథాలయంలో అతణ్ణి అందరూ మేస్త్రి అంటారు. ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు, బట్టలు కుట్టే మేస్త్రీ కాదు. ఒకప్పుడు నీళ్ళ మోటార్లకు వైండింగు చుట్టేవాడు. కాలిపోయిన మోటారు తెచ్చి ఎదురుగా పడేస్తే, మాడిన తీగంతా పీకేసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పట్టించి, మళ్ళీ బుర్రున తిరిగేలా చేసి పంపేవాడు. ఒకసారి ఎవరో మోటారుతోపాటు మూలనపడ్డ కంప్యూటరు కూడా తెచ్చి, "దీన్నీ ఓ చూపు చూడవయ్యా, నీ చేతిలో పడితే ఇది కూడా తిరుగుతుందేమో" అన్నాడు. మేస్త్రి దాని మూత విప్పాడు. విప్పిన మూత మళ్ళీ బిగించే తీరిక అతనికి ఆ తర్వాత దొరకలేదు.

అతను ఏ కోర్సూ చేయలేదు. చేసి చెడగొట్టి, చెడిందేమిటో చూసి, మళ్ళీ చేసి నేర్చుకున్నాడు. గ్రంథాలయంలో కంప్యూటర్ల హాలు పెట్టినప్పుడు కాంట్రాక్టు తీసుకున్న కంపెనీవాళ్ళు వైర్లు లాగేసి, రిబ్బను కత్తిరించిన రోజు ఫొటోలు దిగి, మళ్ళీ మొహం చూపించలేదు. హాలు మూతపడేలా ఉన్న సమయంలో ఫ్యాను బాగుచేయడానికని వచ్చిన మేస్త్రి, ఫ్యాను సంగతి వదిలేసి ఆ వైర్ల చిక్కులో తల దూర్చాడు. అప్పట్నుంచీ అక్కడే ఉండిపోయాడు.

"మా మేస్త్రి ఫ్యాను కోసం వచ్చాడండీ. ఫ్యాను ఇంకా కిర్రుమంటూనే ఉంది" అని లైబ్రేరియన్ మేడం కొత్తగా వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వేది.

మేస్త్రిలో చెప్పుకోదగ్గది పనితనం. చెప్పుకోలేనిది నోరు. స్క్రీను నల్లగా ఉందండీ అని ఎవరైనా అంటే, "స్విచ్చి వేసి చూడండి, తెల్లబడుతుంది" అనేవాడు. పాస్‌వర్డ్ మరిచిపోయానండీ అంటే, "మీ పేరైనా గుర్తుందా, అది కూడా నేనే చెప్పాలా?" అనేవాడు. హాల్లోవాళ్ళు నవ్వేవాళ్ళు. మాట పడ్డవాళ్ళు కూడా తప్పదన్నట్టు నవ్వేవాళ్ళు. వాళ్ళు నవ్వుతున్నారు కదా, తన మాటల్లో తప్పేమీ లేదనుకునేవాడు మేస్త్రి.

అతని బల్ల హాలు చివర, రెండు మెట్ల ఎత్తున, సగం గోడ వెనకాల ఉంటుంది. అక్కడ కూర్చుంటే హాలంతా కనబడుతుంది. ఏ సీటులో ఏ ఇబ్బంది వచ్చినా తన కంప్యూటరు నుంచే సరిచేసేవాడు తప్ప లేచి వెళ్ళేవాడు కాదు. కుర్చీలోంచి లేవాల్సి వచ్చిందంటే పని సరిగ్గా అమర్చుకోలేదన్నమాటే అని అతని సిద్ధాంతం. పేజీ రావట్లేదని ఎవరైనా అంటే, అదే పేజీ తన దగ్గర తెరిచి చూసి, "ఇక్కడ వస్తోందే!" అనేవాడు. అంతటితో ఆ విచారణ ముగిసిపోయేది.

ఆ హాల్లోని కంప్యూటర్లేవీ నేరుగా బయటి ప్రపంచానికి పోవు. ఎవరికి ఏ పేజీ కావాలన్నా ఆ అడగడం ముందు మేస్త్రి బల్ల కిందున్న సర్వరుకు వస్తుంది. అది బయటికి వెళ్ళి పేజీ తెచ్చి అడిగినవాళ్ళకి ఇస్తుంది. దాన్ని ప్రాక్సీ అంటారు. అందరి తరఫునా సంతకు వెళ్ళొచ్చే మనిషి లాంటిదది. అయితే గ్రంథాలయానికి ఉన్న ఇంటర్నెట్ లైను మహా సన్నం. పొద్దున హాలు తెరవగానే అందరూ అవే పేజీలు అడిగేవాళ్ళు. పరీక్షల బోర్డు ప్రకటనలు, ఉద్యోగాల ప్రకటనలు, దరఖాస్తుల పేజీలు. లైను ఉక్కిరిబిక్కిరయ్యేది. స్క్రీను మీద గుండ్రం తిరుగుతూ ఉండేది, జనం కుర్చీల్లో కునికేవాళ్ళు.

మేస్త్రి దానికో ఉపాయం పన్నాడు. ఎక్కువమంది అడిగే పేజీలకు నకళ్ళు తీసి సర్వరులోనే దాచాడు. ఎవరైనా ఆ చిరునామా అడిగితే, ప్రాక్సీ దాన్ని బయటికి పంపకుండా మధ్యలోనే తిరగరాసి, లోపలి నకలు వైపు మళ్ళించేది. అడిగినవాళ్ళకి ఆ తేడా తెలియదు. పైన చిరునామా అదే ఉంటుంది, పేజీ అదే ఉంటుంది, కన్ను మూసి తెరిచేలోగా వచ్చేస్తుంది. నకళ్ళు పాతబడకుండా హాలు మూశాక ఒక చిన్న ప్రోగ్రాం బయటికి వెళ్ళి కొత్తవి తెచ్చి పెట్టేది. మేడం పొంగిపోయింది. "అరే మేస్త్రీ, కొత్త లైను వేయించినట్టుంది!" అంది. ఆ మాటకి మేస్త్రి చాలాకాలం మురిసిపోయాడు.

ఎవరు అడిగితే మళ్ళించాలి, ఎవరు అడిగితే మళ్ళించకూడదు అన్నది నియమాల ఫైలులో రాసుకోవాలి. సర్వరు ఆ వరసల్ని పైనుంచి కిందికి చదువుతుంది. ఏ వరస ముందుగా సరిపోతే అక్కడితో ఆగిపోతుంది, ఇక కిందికి చూడదు. మేస్త్రి రాసినవి రెండే వరసలు. పై వరస: నా బల్ల మీది కంప్యూటరు అడిగితే మళ్ళించొద్దు, అసలు పేజీనే తెచ్చివ్వు. కింది వరస: మిగతా అందరికీ మళ్ళించు. పని మొదలుపెట్టినప్పుడు అసలుకీ నకలుకీ పోల్చి చూసుకోవడానికి ఆ పై వరస అవసరమైంది. పని కాగానే తీసేద్దామనుకున్నాడు. పరంజా కట్టినవాడు గోడ లేచాక పరంజా విప్పాలి కదా. విప్పలేదు. విప్పకపోవడం హాయిగా ఉంది. తన కంప్యూటరులో ఎప్పుడూ తాజా పేజీలే వచ్చేవి.

ఆ హాలుకు మేస్త్రి వదిన కూడా వచ్చేది. అతని భార్యకు సొంత అక్క. ఆస్పత్రిలో ఆయా. వార్డులు తుడిచి, దుప్పట్లు మార్చి, లేవలేనివాళ్ళని లేపి కూర్చోబెట్టే పని. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక పదో తరగతి పరీక్షకు కట్టింది. పోయింది. మళ్ళీ కట్టింది. మళ్ళీ పోయింది. ఆఖరికి గట్టెక్కింది. ఆ పాసైన కాగితాన్ని బీరువాలో చీరల మడతల్లో దాచుకుంది. చదివేటప్పుడు కళ్ళజోడు పెట్టుకుని, అక్షరాల కింద వేలు పెట్టి చదివేది. కాగితమైనా అంతే, స్క్రీనైనా అంతే. ఎవరైనా చూస్తున్నారనిపిస్తే వేలు వెనక్కి లాక్కునేది.

ఆస్పత్రిలో పెద్ద నర్సు ఆమెతో అందట: "నువ్వు చేసే పని సగం మా పనే. సహాయ నర్సుల శిక్షణకి దరఖాస్తు పెట్టవే. ఎన్నాళ్ళు ఈ తుడుపు?" ఆ శిక్షణకి వయసు పరిమితి ఉంది. వదినకి ఈ ఏడే ఆఖరు. వచ్చే ఏడు దరఖాస్తులోనే ఆమె వయసు పట్టదు. అందుకని డ్యూటీ దిగగానే చేతులు కడుక్కుని హాలుకి వచ్చి, స్తంభం పక్క సీటులో కూర్చుని, బోర్డు పేజీ తెరిచి, దరఖాస్తులు తీసుకోవడం మొదలైందా అని చూసుకునేది. చూసి, మేస్త్రి బల్ల వైపు తిరిగి, "ఇంకా తెరవలేదండీ మరిదిగారూ" అనేది. "తెరుస్తారులెండి వదినా, వాళ్ళకేం తొందర" అనేవాడు మేస్త్రి.

ఇలా కొన్నాళ్ళు నడిచింది. ఒక సాయంత్రం వదిన మళ్ళీ అదే మాట అంది. ఆ రోజు హాలు నిండా జనం. మేస్త్రికి ఏదో విసుగు. తన కంప్యూటరులో బోర్డు పేజీ తెరిచి చూశాడు. పేజీ నడినెత్తిన ఎర్రటి పెద్ద అక్షరాలు. దరఖాస్తులు స్వీకరిస్తున్నాం, గడువు ఫలానా తేదీ.

"తెరిచి చాలా రోజులైంది వదినా!" అని అక్కణ్ణించే కేకేశాడు. "ఎర్రగా, ఇంతింత అక్షరాలతో రాసి పెడితే కనబడ్డం లేదా?"

వదిన స్క్రీను వైపు తిరిగింది. వంగి చూసింది. "ఎక్కడండీ?" అంది.

"పైన! నెత్తి మీద! ఇంకా ఎంత పెద్దగా రాయాలి, గోడ మీద సున్నంతో రాయాలా?"

ఎవరో కిసుక్కుమన్నారు. రోజూ పేపరు చదవడానికి వచ్చి కంప్యూటర్ల వైపు వినోదం చూస్తూ కూర్చునే పేపరు తాతగారు, "బాగుంది బాగుంది, రోగికి ఇచ్చే మందు సీసా మీద కూడా ఇలాగే చదువుతుంది కాబోలు" అన్నాడు. హాలు గొల్లుమంది. మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వుతూ ఆఖరి మాట కూడా అనేశాడు.

"కనబడకపోతే చదవడం వచ్చినవాళ్ళెవర్నైనా అడగండి వదినా. అందులో తప్పు లేదు."

వదిన కాసేపు స్క్రీను వైపే చూసింది. వేలు ఎత్తింది, గాజు మీద పెట్టింది, తీసేసింది. తర్వాత, "ఆఁ, కనబడింది" అంది. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళాక భార్య అడిగింది. "అక్క దరఖాస్తు సంగతేమైంది?"

"చూపించాను. పెట్టేసే ఉంటుంది" అన్నాడు మేస్త్రి, అన్నం కలుపుకుంటూ.

ఆ తర్వాత వదిన హాల్లో అతని కంటపడలేదు. పని అయిపోయింది కాబట్టి రావట్లేదని అనుకున్నాడు. అసలు అంత కూడా అనుకోలేదేమో. ఆ ఊసే మరిచిపోయాడు.

ఒక పొద్దున మేస్త్రి కంప్యూటరు మాడు వాసన కొట్టి ఆగిపోయింది. ఆ వాసన అతనికి చిన్నప్పటి నేస్తం. పవర్ సప్లై పోయిందని మూత విప్పకుండానే తెలిసింది. పాత సామాన్లలోంచి మరొకటి వెతికి బిగించాలి. ఈలోగా మేడం ఏదో సెలవుల ప్రకటన చూడమంటే, హాల్లోకి దిగి స్తంభం పక్క సీటులో కూర్చున్నాడు. ఆ హాలు మొదలైన దగ్గర్నుంచీ అతను ఆ వరసలో కూర్చోవడం అదే మొదలు. అక్కడ కుర్చీ కాలు ఒకటి పొట్టి. కిటికీ వెలుగు సరిగ్గా స్క్రీను మీద పడుతోంది. ఈ రెండూ ఇంతకుముందు అతనికి తెలియవు.

బోర్డు పేజీ తెరిచాడు. చప్పున వచ్చింది. నడినెత్తిన ఎర్రక్షరాలు లేవు.

మేస్త్రి కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. లేవు. కుర్చీ ముందుకు జరుపుకుని వంగి చూశాడు. 'దరఖాస్తుల తేదీలు త్వరలో ప్రకటిస్తాం' అన్న పాత మాటే ఉంది. తన కళ్ళకేమైనా అయిందా అన్న అనుమానం అతనికి నిజంగానే వచ్చింది. వచ్చిన మరుక్షణం, ఈ అనుమానం తనకంటే ముందు ఎవరికి వచ్చి ఉంటుందో తట్టింది.

కిటికీ వెలుగులో గాజు మీద మరకలు కనబడ్డాయి. వేలి మరకలు. ఒక్కొక్క పంక్తి కింద ఒక్కొక్క గీత, ఎడమ నుంచి కుడికి. పైన, ఎర్రక్షరాలు ఉండాల్సిన చోట, గీత మీద గీత, గీత మీద గీత. గాజు అక్కడ మసకబారిపోయి ఉంది. కనబడనిదాన్ని ఎంతసేపు వెతికిందో, ఎన్నిసార్లు వెతికిందో, అంతా అక్కడే ఉంది.

చుట్టూ ఎవరూ చూడట్లేదు. అయినా హాలంతా తనవైపే చూస్తున్నట్టు తల వంచుకున్నాడు.

ఏం జరిగిందో కనుక్కోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. బోర్డువాళ్ళు తమ పేజీల్ని కొత్త చోటికి మార్చి, పాత చిరునామా అడిగినవాళ్ళకి అటు దారి చూపించారు. నకళ్ళు తెచ్చే ప్రోగ్రాం మాత్రం పాత చోటికే వెళ్ళి, తలుపు కొట్టి, ఆ దారి పట్టడం తెలియక వట్టి చేతులతో తిరిగొచ్చేది. తిరిగొచ్చి ఎవరికీ చెప్పేది కాదు. పాత నకలు తీసేసేదీ కాదు. చేతకాకపోతే చెప్పమని మేస్త్రి దానికి నేర్పలేదు. నేర్పడానికి అతనికే ఆ అలవాటు లేదు. హాల్లో కూర్చున్న ప్రతివాళ్ళకీ పాత పేజీ వెళ్ళింది. ఒక్క మేస్త్రికి మాత్రం కొత్త పేజీ వచ్చింది. పై వరస అతన్ని కాపాడుతూ ఉంది.

చెడిపోయిన పని కనబడితే చేతులు ఊరుకోవు. పవర్ సప్లై బిగించి, తన బల్ల దగ్గర కూర్చుని, ప్రోగ్రాంకి కొత్త చిరునామా ఇచ్చి, తాజా నకళ్ళు తెప్పించి, పై వరస కొట్టేశాడు. అప్పుడు గానీ భార్యకు ఫోన్ చేయడానికి ధైర్యం రాలేదు.

"మీ అక్క దరఖాస్తు పెట్టిందా?"

"ఇప్పుడు గుర్తొచ్చిందా?" అంది భార్య. "పెట్టలేదు. మానేసింది. కళ్ళు సరిగా లేవట. డాక్టరు దగ్గరికెళ్ళి పట్టుబట్టి కొత్త అద్దాలు వేయించుకుంది. అవి పెట్టుకుని కూడా మీ హాలుకొచ్చి చూసిందట, మీరు భోజనానికి లేచిన వేళ. అప్పుడూ కనబడలేదట. ఇంక ఈ చదువు నావల్ల కాదే చెల్లీ అంది. అద్దాలిచ్చిన డాక్టరేమో పాత జోడే సరిపోతుంది, కళ్ళు బాగానే ఉన్నాయన్నాడట. కళ్ళు బాగుంటే మరి లోపమెక్కడుందో నాకే తెలిసిపోయిందే అని ఏడ్చింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమంటారు? 'నా దగ్గర వస్తోందే' అంటారు."

మేస్త్రి ఫోన్ పెట్టేశాడు. గడువు ఆ మర్నాటితో సరి.

ఆస్పత్రి వెనక వరండాలో వదిన ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది. కొత్త కళ్ళజోడు ఆమె ముక్కు మీద ఇంకా కుదురుకోలేదు. మేస్త్రిని చూసి, "ఏంటి మరిదిగారూ, ఎవరికైనా ఒంట్లో బాలేదా?" అని కంగారుపడింది.

"అందరూ బాగానే ఉన్నారు. వదినా, ఆ రోజు ఆ ఎర్రక్షరాలు అక్కడ లేవు."

"ఏ అక్షరాలు?"

"మీకు కనబడలేదన్నవి. మీ సీటులో అవి రాలేదు. నా ఒక్కడికే వచ్చాయి. తప్పు నాది. మీ కళ్ళదీ కాదు, మీ చదువుదీ కాదు."

వదిన దుప్పటి రెండు చివర్లూ కలిపి, మధ్యకు మడిచి, దొంతర మీద పెట్టింది. "మా చెల్లెలు పంపిందా?"

"లేదు. నేనే వచ్చాను."

"పంపే ఉంటుంది. అదేదో బాధపడుతోంది నా గురించి." ఆమె నవ్వింది. ఆ నవ్వు మేస్త్రికి బాగా తెలిసిన నవ్వు. హాల్లో తన చేత మాట పడ్డవాళ్ళు నవ్వేది అదే. "నేనేమీ అనుకోలేదండీ. వదిలెయ్యండి."

"అనుకోండి వదినా. అనుకోవాలి. కానీ ఒక్కసారి వచ్చి చూడండి. చూశాక మీరు ఏం చేసినా సరే."

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చింది. కేవలం మరిదిగారు ఆస్పత్రి దాకా వచ్చి అడిగారన్న మొహమాటానికి వచ్చింది. స్తంభం పక్క సీటులో కూర్చుని పేజీ తెరిచింది. మేస్త్రి ఆమె వెనకాల నిలబడ్డాడు. అతను బల్ల దిగి ఒకరి వెనక నిలబడటం చూసి హాల్లో ఒకరిద్దరు తలలు తిప్పారు.

పేజీ వచ్చింది. నడినెత్తిన ఎర్రటి అక్షరాలు.

వదిన వాటి కింద వేలు పెట్టింది. పెదవులు కదుపుతూ మొత్తం చదివింది. చదివాక వేలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. చాలా మెల్లిగా అంది.

"ఉన్నాయిగా."

"ఇప్పుడున్నాయి వదినా. పొద్దున నేను సరిచేశాను కాబట్టి ఉన్నాయి. అప్పుడు లేవు."

"అవును లెండి" అంది వదిన.

ఆ 'అవును లెండి' మేస్త్రి చెంప మీద కొట్టినట్టయింది. ఎంత తొందరపడి సరిచేశాడో అప్పుడు తెలిసింది. తన తప్పుకున్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని తన చేతుల్తోనే తుడిచేశాడు. ఇప్పుడు ఆమెకు కనబడేదల్లా, మొదట్నుంచీ అక్కడున్న అక్షరాలు, వాటిని చూడలేకపోయిన తను, జాలిపడి అబద్ధం చెబుతున్న మరిది. ఈ నమ్మకంతోనే దరఖాస్తు పెడితే, రేపు ప్రవేశపరీక్ష హాల్లో ప్రశ్నాపత్రం ముందు పెట్టుకుని తన కళ్ళని తనే నమ్మదు. లేదా అసలు పెట్టదు.

వదిన సంచీ అందుకుంది. "వస్తానండి మరి."

"ఆగండి" అన్నాడు మేస్త్రి. "మీరు అక్కడే కూర్చోండి. స్క్రీను మీదనుంచి చూపు తిప్పకండి."

రెండు మెట్లెక్కి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. జీవితంలో ఎన్ని మోటార్లు విప్పాడో, ఎన్ని యంత్రాలు బాగుచేశాడో, బాగున్నదాన్ని కావాలని మళ్ళీ చెడగొట్టడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. పొద్దున పక్కకు నెట్టిన పాత నకలు తెచ్చి దాని చోట్లో పెట్టాడు. నియమాల ఫైలు తెరిచి, కొట్టేసిన పై వరస మళ్ళీ టైపు చేశాడు. నా బల్ల మీది కంప్యూటరు అడిగితే మళ్ళించొద్దు. ఒక్కొక్క అక్షరం కొడుతుంటే, మొదటిసారి ఇదే వరసను ఎంత ఉల్లాసంగా రాశాడో గుర్తొచ్చింది. సర్వరుకు నియమాలు మళ్ళీ చదవమని చెప్పి, సగం గోడ పక్కన నిలబడ్డాడు.

"అందరూ ఒక్క నిమిషం" అన్నాడు. "పరీక్షల బోర్డు పేజీ తెరవండి. ఎవరికైనా ఎర్రక్షరాలు కనబడుతున్నాయేమో చెప్పండి."

హాల్లో మౌసుల చప్పుడు. వదిన పేజీని మళ్ళీ తెరిచింది. ఎర్రక్షరాలు లేవు. ఆమె కళ్ళజోడు తీసి చూసింది, పెట్టుకుని చూసింది. పక్క సీటు అమ్మాయి వైపు వంగి, జీవితంలో మొదటిసారి అడిగింది.

"ఏమ్మా, నీకేమైనా కనబడుతున్నాయా?"

"లేవు ఆంటీ. 'త్వరలో' అనే ఉంది."

"నా దాంట్లోనూ లేవు" అన్నాడు వెనక వరసలో ఒకాయన. లేవు, లేవు అని తలా ఒక మూల నుంచీ అన్నారు.

వదిన లేచింది. ఎవర్నీ అడక్కుండా హాలు దాటుకుని వచ్చి, రెండు మెట్లెక్కి, మేస్త్రి కంప్యూటరు ముందు నిలబడి, "ఇందులో తెరవండి" అంది. మేస్త్రి తెరిచాడు. ఎర్రక్షరాలు మెరుస్తూ వచ్చాయి. ఆమె మెట్లు దిగి తన సీటు దగ్గరికెళ్ళి చూసింది. లేవు. మళ్ళీ మెట్లెక్కి చూసింది. ఉన్నాయి. ఇలా రెండు మూడు సార్లు తిరిగింది. హాలంతా ఆమె వెంట తల తిప్పుతూ చూసింది. ఎవరూ నవ్వలేదు.

"అప్పుడు లేవన్నమాట" అంది.

"లేవు."

"నిజంగా లేవు."

"నిజంగా లేవు వదినా."

"మరి మీ ఒక్కరికే ఎందుకొచ్చాయి?"

ఈ ప్రశ్న ఇంట్లో, నలుగురూ లేని చోట అడిగి ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాడు మేస్త్రి. కానీ ఆ రోజు మాట అన్నది నలుగురిలోనే. సర్వరు చెడిందని చెప్పొచ్చు. బోర్డువాళ్ళు చోటు మార్చారని చెప్పొచ్చు, అది నిజం కూడా. కంప్యూటర్ల భాషలో నాలుగు ముక్కలు కలిపి చెబితే హాల్లో ఎవరికీ అర్థం కాదు, గౌరవం చెక్కుచెదరదు. నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"మీ అందరికీ నేనొక నియమం పెట్టాను. నాకు మాత్రం అది వర్తించకుండా పైన ఒక వరస రాసుకున్నాను. మీకేం వస్తోందో నేనెప్పుడూ చూడలేదు. ఎవరేమన్నా నాకు వచ్చిందే చూసి మాట్లాడాను."

"ఎన్నాళ్ళనుంచి?" అంది మేడం. ఆమె ఎప్పుడొచ్చి గుమ్మంలో నిలబడిందో అతను గమనించలేదు.

"మొదట్నుంచీ మేడం."

వెనక వరస ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ ఒక్కోసారి పాతవి వస్తాయని మాకు తెలుసు మేస్త్రీ. అందుకే ముఖ్యమైనవి ఉంటే బస్టాండు దగ్గర షాపులో చూసుకుంటాం."

"తెలిస్తే చెప్పలేదేం?" అన్నాడు మేస్త్రి.

ఆయన తల గోక్కున్నాడు. చివరికి వదిన పక్క సీటు అమ్మాయే అంది. "చెబితే మీరేమంటారో మాకు తెలుసు కదండీ."

మేస్త్రి ఇన్నాళ్ళూ తన హాలు నుంచి ఫిర్యాదులు తక్కువని మేడం దగ్గర గొప్పగా చెప్పుకునేవాడు. అవి తక్కువ కావడానికి కారణం తన పనితనం కాదని ఇప్పుడు తెలిసింది. ఎవరి మీదా కోపం రాలేదు. కుర్చీలో కూర్చుని, పై వరస కొట్టేసి, కొత్త నకలు పెట్టి, బోర్డు పేజీ తన దగ్గర ఒకసారి తెరిచాడు. ఇకనుంచి తనకూ మిగతావాళ్ళకి వచ్చేదే వస్తుంది. కాసేపు ఆలోచించి ప్రతి నకలు అడుగునా ఒక పంక్తి చేర్చాడు: ఇది అసలు పేజీ కాదు, నకలు, ఫలానా రోజు తీసినది. మంచి పనివాడు ఆ పంక్తి మొదటి రోజే పెడతాడు. పేజీ శుభ్రంగా కనబడాలని తను పెట్టలేదు.

అంతా అయ్యాక మెట్లు దిగి స్తంభం పక్కకి వెళ్ళాడు. వదిన దరఖాస్తు తెరిచి ఉంది. కొత్త కళ్ళజోడు తీసి మడిచి కీబోర్డు పక్కన పెట్టుకుంది. పాత జోడు ఆమె ముక్కు మీద ఉంది. ఒక వేలు గాజు మీద, పంక్తి కింద. ఇంకో వేలితో ఒక్కొక్క అక్షరం వెతికి కొడుతోంది. వెనకాల మనిషి నిలబడ్డాడని తెలిసినా ఈసారి వేలు వెనక్కి లాక్కోలేదు.

"నేను నింపమంటారా వదినా?"

"వద్దు. మీరు నిలబడండి చాలు."

నిలబడ్డాడు. ఆమె ఎంత నెమ్మదిగా కొడితే అంతసేపు నిలబడ్డాడు. తప్పు అక్షరం పడితే చెరిపి మళ్ళీ కొట్టింది. అతని నాలుక చివరిదాకా మాటలు వచ్చాయి, వెనక్కి పోయాయి. పుట్టిన తేదీ దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది. తేదీ నింపింది. గడి దాన్ని తీసుకుంది. అభ్యంతరం చెప్పలేదు. అప్పుడు ఆమె వదిలిన ఊపిరి మేస్త్రికి వినబడింది.

పేపరు తాతగారు పేపరు మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోతూ స్తంభం దగ్గర ఆగాడు. ఆ రోజు తను వేసిన జోకు ఆయనకి గుర్తుందో లేదో. మేస్త్రిని ఎగాదిగా చూసి, హాలంతా వినబడేలా అన్నాడు.

"ఏమయ్యా మేస్త్రీ, ఎర్రక్షరాలు కనబడ్డాయా?"

ఎవరో కిసుక్కుమన్నారు. వదిన వెనక్కి తిరగలేదు. టైపు చేస్తూనే ఉంది. మేస్త్రి తల వంచుకున్నాడు.

"ఆఁ, కనబడ్డాయి" అన్నాడు.